సగం సీసా

మా ఇంట్లో ఫ్రిజ్ తలుపు రోజుకు ఎన్నిసార్లు తెరుస్తానో ఒక ఆదివారం శ్రీకాంత్ కూర్చుని లెక్కపెట్టాడు. పద్దెనిమిది సార్లు. అందులో పది సార్లు నేను ఏమీ తీయలేదట, ఏమీ పెట్టలేదట.

"మరేం చూస్తున్నవే?" అన్నాడు.

"ఊకెనే" అన్నాను. నిజంగా ఊరికేనే. అది మా పెళ్లికి నా కాలేజీ స్నేహితురాళ్లు ఏడుగురు కలిసి కొనిచ్చిన నీలం ఫ్రిజ్. తలుపు తీయగానే లైటు వెలుగుతుంది. కొత్తిమీర కట్ట, పాల గిన్నె, రెండు టమాటాలు ఫొటోకు నిలబడ్డట్టు నిలబడి ఉంటాయి. వాటిని చూస్తే నాకు నవ్వొస్తుంది. పెళ్లయి ఆరు నెలలే కదా, ఇంకా అన్నీ నవ్వొచ్చేలాగే ఉన్నాయి. పటేల్‌గూడలో రెండో అంతస్తులో రెండు గదుల కిరాయి ఇల్లు మాది. కిటికీలోంచి శ్రీకాంత్ పనిచేసే ప్లాంటు షెడ్లు కనిపిస్తాయి. లారీ అంత పెద్ద ఇనుప భాగాలను క్రేన్లు ఎత్తి దించుతుంటే, వాటి కొలతలు సరిగా ఉన్నాయో లేదో చూడటం అతని పని. మొదటి షిఫ్టుకు పొద్దున్నే వెళ్లి మధ్యాహ్నం రెండు దాటాక వస్తాడు.

వినాయకుడి నిమజ్జనం అయిన వారానికి మా అత్తమ్మ రాజవ్వకు కామెర్లు వచ్చాయి. లక్డారంలో మామయ్య యాదగిరి ఒక్కడే పొలమూ బర్రెలూ చూసుకుంటూ ఆమెను చూసుకోలేడు. పటాన్‌చెరులో డాక్టరుకు వారానికొకసారి చూపించాలి. అందుకని మా ఇంటికి తీసుకొచ్చాం. ఉన్న ఒక్క మంచం ఆమెకిచ్చి మేం చాప మీద పడుకున్నాం.

ఆమెకు వండిపెట్టే అవకాశం వచ్చిందని నాకు లోపల్లోపల సంతోషంగా ఉండేది. ఎందుకో చెబుతాను. పెళ్లయిన మూడో రోజు లక్డారంలో నేను చేసిన టమాటా పప్పులో ఉప్పు రెండుసార్లు పడింది. చుట్టాలంతా ముద్ద నోట్లో పెట్టుకుని ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. అత్తమ్మ మాత్రం రెండోసారి వేయించుకుంది. "నాకు జెర ఉప్పెక్కువనే ఉండాలె" అంది. ఆ పూట నేను వంటింట్లో గోడవైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాను. అలాంటి మనిషికి ఒక్క పూట రుచిగా పెట్టాలని నాకు ఎంత ఆశ ఉండాలి!

కానీ పెట్టడానికి ఏముంది? నూనె వద్దు, కారం వద్దు అన్నాడు డాక్టరు, కనీసం మూడు వారాలు. జొన్నరొట్టెలో పచ్చి మిరపకాయ నంజుకుని తినే మనిషికి ఉడికించిన సొరకాయ, గంజన్నం, పల్చటి మజ్జిగ. నాలుగు ముద్దలు తినేది. అయిదో ముద్దకు పళ్లెం జరిపేది.

"నోట్ల గడ్డి వెట్టుకున్నట్టున్నది బిడ్డా. నీ తప్పేం లేదు. నోరే సచ్చింది" అనేది.

గాజులు మణికట్టు నుంచి మోచేతి దాకా జారుతున్నాయి. రెండోసారి చూపించినప్పుడు డాక్టరు బరువు చూసి తల అడ్డంగా ఊపాడు. "తినకపోతే మందులేం చేస్తాయమ్మా? వచ్చే సోమవారానికి తిండి పెరగకపోతే అడ్మిట్ చేసి సెలైన్ ఎక్కించాల్సిందే" అన్నాడు.

ఆటోలో అత్తమ్మ నా చెయ్యి పట్టుకుంది. "నన్ను దవాఖాన్ల పండవెట్టకున్రి" అంది. ఆమె నన్ను అడిగిన మొదటి కోరిక అది.

ఆ సాయంత్రం కూరగాయల బుట్ట ముందేసుకుని ఆలోచిస్తూ కూర్చున్నాను. కారం వద్దు, నూనె వద్దు. పులుపు వద్దని ఎవరూ అనలేదు కదా! పెళ్లయిన కొత్తలో శ్రీకాంత్ బండి మీద ముంబై హైవే పక్కన ధాబాకు తీసుకెళ్లినప్పుడు రొట్టెల పక్కన గులాబీరంగు ఉల్లిగడ్డలు పెట్టారు. వెనిగర్‌లో నానబెట్టినవి. ఒక గిన్నెడు నేనే తిన్నాను. డాక్టరుకు ఫోన్ చేస్తే, "కూరగాయలు మరిగే నీళ్లలో ముంచి తీయండి, ఉప్పు తగ్గించండి, కొంచెంగా పెట్టండి" అన్నాడు. ఫోన్ పెట్టేసి మెట్లు రెండేసి దిగి కిందికి దుకాణానికి పరిగెత్తాను.

గాజర్, ముల్లంగి, కీర, ఒక చిన్న గోబిపువ్వు. నేను చదివింది బీఎస్సీ మైక్రోబయాలజీ. మూడేళ్లు సంగారెడ్డిలో గాజు పళ్లేల్లో సూక్ష్మజీవులను పెంచిన నాకు, వాటికి పులుపు పడదనీ చలి పడదనీ బాగా తెలుసు. సీసాను వేడినీళ్లలో మరిగించి ఆరబెట్టాను. ముక్కలు సన్నగా కోసి మరిగే నీళ్లలో ఒక్క నిమిషం ముంచి తీశాను. గ్లాసు వెనిగర్, గ్లాసు నీళ్లు, చెంచాడు చక్కెర, ముప్పావు చెంచా ఉప్పు, కొన్ని ఆవాలు, చితక్కొట్టిన అల్లం ముక్క వేసి పొయ్యి మీద పెట్టాను. ఘాటు ఇల్లంతా కమ్మింది.

"ఏందే గీ వాసన?" మంచం మీంచి అత్తమ్మ దగ్గింది. "జిన్నారం మందుల కంపెనీల కంపు నీళ్లు దెచ్చి కాస్తున్నవా ఏంది?"

"రేపు చూడు అత్తమ్మా, నువ్వే అడిగి ఏయించుకుంటవు."

"బతికుంటె సూస్త" అంది ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని.

వేడివేడి నీళ్లు ముక్కల మీద పోస్తే గాజర్ రంగు ఇంకా మెరిసింది. చల్లారాక మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టాను. ఆ రాత్రి పడుకునేలోపు తలుపు ఎన్నిసార్లు తెరిచానో శ్రీకాంత్ లెక్కపెట్టలేదు, నయం.

మర్నాడు మధ్యాహ్నం పెరుగన్నం కలిపి పళ్లెం అంచున నాలుగు ముక్కలు పెట్టాను. అత్తమ్మ ఒక గోబి ముక్కను వేళ్లతో తిప్పి చూసి నోట్లో వేసుకుంది. కరకర. ఆమె కళ్లు కొంచెం పెద్దవయ్యాయి. ఒక ముద్ద, ఒక ముక్క. ఇంకో ముద్ద, ఇంకో ముక్క. కరకర, కరకర. ఎనిమిది, తొమ్మిది... పన్నెండు ముద్దలు! నేను ఊపిరి బిగబట్టి లెక్కపెట్టాను.

"ఇంకో రెండెయ్యి" అంది. "చల్లగ, పుల్లగ... నోరు లేసొచ్చినట్టున్నది."

నేను వంటింట్లోకి వెళ్లి మసిగుడ్డ నోట్లో కుక్కుకుని గంతులు వేశాను. తర్వాత శ్రీకాంత్‌కు మెసేజ్ పెట్టాను: మీ అమ్మ పన్నెండు ముద్దలు తిన్నది. షిఫ్టు దిగుతూనే జవాబు పంపాడు. మాటల్లేవు. పన్నెండు లడ్డూ బొమ్మలు.

మూడు రోజులు అలా పండగలా గడిచాయి. నాలుగో రోజు, శుక్రవారం నాడు, సంగమ్మ వచ్చింది.

సంగమ్మది లక్డారమే. అత్తమ్మా ఆమే ముప్పై ఏళ్లు ఒకే పొలంలో నాట్లేశారు, కలుపు తీశారు. పొలం అత్తమ్మవాళ్లది, కూలికి వచ్చేది సంగమ్మ. ఇప్పుడు ఒక కంపెనీ క్యాంటీన్‌లో సాయంత్రం పూట కూరగాయలు కోస్తుంది. శ్రీకాంత్ ఆమెను చిన్నమ్మ అంటాడు కనుక నాకు ఆమె అత్త. ఆమె గొంతు ఆమె కంటే ముందు మెట్లెక్కింది.

"రాజక్కా! ఏందే గిట్ల పచ్చగైనవు? పెండ్లిపిల్లకు గూడ గింత పసుపు వెట్టరు గదనే!"

"నవ్వు, నవ్వు. నీకొస్తె తెలుస్తది" అంది అత్తమ్మ. కానీ ఆమె మొహం విప్పారింది. రెండు వారాల్లో ఆమె అంత నవ్వడం నేను చూడలేదు.

ఇద్దరికీ పక్కపక్కన వడ్డించాను. సంగమ్మ ఒక ముల్లంగి ముక్క కొరికి నాలుక చప్పరించింది.

"మంచిగున్నదే కోడలా. ఏడ గొన్నరు?"

"కొనలే అత్తా, నేనే పెట్టిన!" నాకు ఛాతీ ఎంత పొంగిందో. "ఫ్రిజ్‌ల పెట్టే ఊరగాయ. ఒక్క రాత్రిలనే ఊరుతది."

సంగమ్మ నమలడం ఆపింది. "గీ ఇంట్లనా?" అని అత్తమ్మ వైపు చూసింది.

అత్తమ్మ చెయ్యి పళ్లెంలో ఆగిపోయింది. "ఊరగాయనా?" అంది మెల్లగా. "ఎర్రగ లేదు, నూనె లేదు... ఉడకవెట్టిన కూరగాయ ముక్కలని నేననుకుంటి." ఇంకా సగం అన్నం ఉండగానే పళ్లెంలోనే చెయ్యి కడిగేసింది.

నాకేమీ అర్థం కాలేదు. తప్పేం జరిగిందని ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాను.

"మా ఇంటికి ఊరవెట్టుడు అచ్చిరాదు బిడ్డా" అంది అత్తమ్మ.

అచ్చిరాకపోవడం గురించి నాకు తెలియక కాదు. కొన్ని ఇళ్లకు కొన్ని పనులు కలిసిరావంటారు, చేస్తే కీడు జరుగుతుందంటారు. మా అమ్మమ్మవాళ్లకు పావురాలు అచ్చిరావు. మా పెద్దమ్మ ఇంట్లో వడియాలు పెట్టరు. కానీ అత్తమ్మ ఇంట్లో ఊరగాయ పెట్టకూడదని నాకెవరూ చెప్పలేదు. అడగాలని నాకూ తోచలేదు.

"రెండుసార్లు వెట్టిన" అని చెప్పుకొచ్చింది అత్తమ్మ. "మొదటిసారి మామిడికాయ తొక్కు వెట్టిన వారానికే సూడి బర్రె సచ్చింది. రెండోసారి వెట్టిన మూడు దినాలకు మీ మామ కాలిరిగింది. ఇప్పటికీ కుంటుతడు, సూస్తలేవా? ఇగ వెట్టనని గప్పుడే ఒట్టు వెట్టుకున్న."

నాలోని బీఎస్సీ ఊరుకోలేదు. "బర్రెకేమైంది అత్తమ్మా?"

"యూరియా కలిపిన నీళ్లు తాగింది."

"మామయ్యకు?"

"మోటరు కాడ నాచు మీద జారిండు."

"మరి... ఊరగాయతోని ఏం సంబంధం?"

అత్తమ్మ కోప్పడలేదు. నా వైపు జాలిగా చూసింది. "అది నాకు తెల్వదా బిడ్డా? నువ్వు సదువుకున్నవు, కారణం దొరికితె నీ భయం పోతది. నాది పోదు. నేను తింటె నా నోరు మంచిగైతది. నా కొడుకు పొద్దుగాల లేస్తె క్రేన్ల కింద తిరుగుతడు. వానికేమన్నైతె?"

నేను ఇద్దరి పళ్లేలూ తీసి వంటింట్లో పెట్టాను. సంగమ్మ ఎక్కువసేపు ఉండలేదు. వెళ్తూ వెళ్తూ మెట్ల దగ్గర నా భుజం తట్టి, "పరేషాన్ గాకు" అంది.

ఆ రాత్రి మళ్లీ నాలుగు ముద్దలు. మర్నాడు మూడు.

శనివారం పన్నెండింటికి శ్రీకాంత్‌కు ఫోన్ చేశాను, ఊరికే. ఎత్తలేదు. ప్లాంటు లోపలికి వెళ్లేముందు ఫోన్లు లాకర్లో పెట్టించేస్తారని నాకు తెలుసు. అయినా ఒంటిగంటకు మళ్లీ చేశాను. కిటికీ దగ్గర నిలబడి షెడ్ల వైపు చూస్తూ ఉండిపోయాను. ప్లాంటులోంచి ఏదో సైరన్ మోగితే కిటికీ ఊచలు గట్టిగా పట్టుకున్నాను. అది భోజనాల సైరన్. రోజూ మోగేదే. చదివిన చదువులో ఒక్క పాఠమూ ఆ రెండు గంటలు నాకు తోడు రాలేదు. అత్తమ్మ వైపు తిరిగి చూస్తే ఆమె కూడా కిటికీనే చూస్తోంది. ఇద్దరం ఒకే మనిషి కోసం ఒకేలా భయపడుతున్నామని అప్పుడు తెలిసింది.

శ్రీకాంత్ వచ్చి బూట్లు విప్పేలోపే, "నాకెందుకు చెప్పలే?" అని మీద పడ్డాను.

"నాకేం తెలుసే? ఎర్రగ లేకపాయె. మాకు తొక్కు అంటె సంగమ్మ చిన్నమ్మ ఇంట్లకెళ్లి వచ్చేదే. మేం కాయలు, కారం, నూనె పంపిస్తం, ఆమె పెట్టి ఇస్తది. చిన్నప్పుడు నేను తొక్కు సంగమ్మ ఇంట్లనే కాస్తదనుకునేటోన్ని, చెట్టుకు కాసినట్టు."

అంతే. అతని మాట ఇంకా పూర్తికాలేదు, నేను సంచీ కోసం లేచాను.

ఆదివారం పొద్దున అత్తమ్మ దగ్గర శ్రీకాంత్‌ను ఉంచి లక్డారం వెళ్లాను. సంచీలో గాజర్, ముల్లంగి, గోబి, కీర, ఆరబెట్టిన ఖాళీ సీసా, వెనిగర్. సంగమ్మవాళ్ల ఇల్లు ఊరికి అవతలి వైపు, వేరే వాడకట్టులో ఉంటుంది. అరుగు మీద ఆమె పెనిమిటి ఐలన్న చిక్కుడుకాయలు తుంచుతున్నాడు. నేను వచ్చిన పని చెప్పాను. సంగమ్మ వెనిగర్ సీసా మూత తీసి వాసన చూసింది.

"గిదేంది, మా క్యాంటీన్ల నూడుల్స్‌ల పోసేదే గద! ఇండ్ల కారం లేదా? నూనె లేదా? ఇది ఊరగాయ గాదు కోడలా, ఉపాసం."

"అత్తమ్మ తింటున్నది అత్తా. రేపే డాక్టర్ దగ్గరికి పోవాలె. నువ్వు పెడితెనే తింటది."

ఆమె ఇంకేం అడగలేదు. చీర కుచ్చిళ్లు పైకి దోపింది. "అయితె నువ్వు గా గడప అవుతల కూసో. నోటితోని చెప్పు. చెయ్యి వెట్టకు. నువ్వు ముడితె మల్ల మీ ఇంటిదే అయితది."

గడప బయట కూర్చున్నాను, చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని. అలా పెట్టుకోకపోతే అవి వాటంతట అవే లోపలికి వెళ్లేలా ఉన్నాయి. సంగమ్మ కత్తిపీట మీద గాజర్‌ను కోస్తుంటే నాణేలు రాలినట్టు రాలుతున్నాయి, అన్నీ ఒకే మందం. రోజుకు ఎనిమిది వందల మందికి కోసే చెయ్యి మరి.

"ఒక్క నిమిషమే ముంచాలె అత్తా! తియ్యి, తియ్యి!"

"నీ నిమిషం గింత పొట్టిదా?"

"ముప్పావు చెంచా ఉప్పు."

"నాకు చెంచాలు తెల్వయి." అరచేతిలో ఉప్పు పోసుకుంది.

"గంత వద్దు! డాక్టర్ తక్కువ అన్నడు."

"మీ అత్తకు ఉప్పెంత వడుతదో ఇరవై రెండేండ్ల సంది నాకెర్క." అంటూనే సగం తిరిగి డబ్బాలో పోసింది. "ఇగో, డాక్టరు కోసం."

"సదువంత గడప అవుతలనే కూసున్నది పాపం" అన్నాడు ఐలన్న చిక్కుడుకాయల మీంచి తల ఎత్తకుండా.

వేడి నీళ్లు ముక్కల మీద పోశాక చల్లారడానికి గంట పడుతుంది. సంగమ్మ నాకు చాయ్ ఇచ్చి తనూ గడప లోపలి వైపు కూర్చుంది. మా మధ్యలో గడప.

"ఇరవై రెండేండ్లా అత్తా? ఏడాదికోసారి అంత పని... నీకు కష్టం గాలేదా?"

ఆమె ఐలన్న వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది.

"మీ మామ కాలిరిగిన ఏడే ఐలన్న పనిజేసే కంపెనీ మూతవడ్డది. మా కొడుకు నవీన్ అప్పుడు నడక నేరుస్తుండె. మూడు నెలలు ఇంట్ల గంజే. గంజిలకు నంజుకునేతందుకు ఉప్పురాయి. ఒకనాడు మీ అత్త రెండు గంపల మామిడికాయ, నూనె, కారం, ఉప్పు తెచ్చి ఈ గడప కాడ వడేసింది. 'నాకు అచ్చొస్తలేదు, నువ్వు వెట్టియ్యి' అన్నది. 'సగం నువ్వే ఉంచుకోవాలె, వెట్టిన ఇంట్ల సగం ఉంటెనే మాకు కీడు వోతదంట, పంతులు చెప్పిండు' అన్నది."

"ఏ పంతులు?"

"ఏ పంతులు లేడు!" సంగమ్మ నవ్వింది. "నాకు గప్పుడే సమజైంది. ఊకె ఇస్త అంటె నేను తీస్కోకపోదును. నా సంగతి దానికెర్క. ఆ ఏడంత మా ఇంట్ల మెతుకులకు తోడు ఆ తొక్కే."

"మరి బర్రె, మామయ్య కాలు... అవన్నీ ఉత్తదేనా?"

"అయ్యో, గవి నిజమే. దాని భయం గూడ నిజమే. గని ఆ భయాన్ని గూడ ఒక మంచి పనికి వెట్టింది మీ అత్త." చాయ్ చివరి గుక్క తాగింది. "మీ వాడకట్టోళ్లు ఊకున్నరా? వాళ్లింట్ల వెట్టిన తొక్కు తింటరా అని మూతులు తిప్పిన్రు. మీ అత్త బోనాల నాడు చుట్టాలందర్ని కూసోవెట్టి, ముందుగాల తనే ఏసుకుని తిన్నది. 'సంగమ్మ చెయ్యి నాకు అచ్చొచ్చింది' అన్నది. నవీన్ నౌకరీలకెక్కినంక గూడ నేను బంద్ వెట్టలే. ఇప్పుడు సగం నాకేం అవసరం? అయినా ఉంచుకుంట. అది తెస్తది, నేను వెడుత. గంతే."

ఉప్పెక్కువైన పప్పును రెండోసారి వేయించుకున్న మనిషి గురించి నాకు అంతా తెలుసనుకున్నాను. ఆమె అలా ఎంతమంది పరువు కాపాడుతూ ఎన్ని అబద్ధాలు ఆడిందో!

చల్లారాక సంగమ్మ ముక్కలను రెండు భాగాలు చేసింది. సగం నా సీసాలోకి, సగం తన స్టీలు డబ్బాలోకి.

"నీకు కారం లేనిది నచ్చదు గద అత్తా?"

"నచ్చకపోతె ఐలన్న తింటడు. సగం ఈడ ఉండాలె."

"నన్నెందుకు గుంజుతవే ఇండ్లకు?" అన్నాడు ఐలన్న.

నవీన్ కొన్న ఫ్రిజ్ ముందు గదిలో, పైన అల్లిన గుడ్డ కప్పుకుని, పెద్దమనిషిలా ఉంది. లోపల నీళ్ల సీసాలు, చింతపండు ముద్ద, అరటాకులో చుట్టిన మల్లెపూలు. సంగమ్మ సీసానూ డబ్బానూ పక్కపక్కన పెట్టి తలుపు వేసింది. ఒక రాత్రి అక్కడే ఊరాలి. నేను వట్టి చేతులతో ఇంటికొచ్చి అత్తమ్మకు ఉన్నదున్నట్టు చెప్పాను, ఎవరు కోశారో, ఎవరు ఉప్పు వేశారో, నేను ఎక్కడ కూర్చున్నానో. గంపల సంగతి మాత్రం చెప్పలేదు. ఆమె అన్నీ విని, "రానీ, సూద్దాం" అంది. ఆ రాత్రి కూడా మూడే ముద్దలు.

సోమవారం మధ్యాహ్నం క్యాంటీన్‌కు వెళ్లే ముందు సంగమ్మ మా మెట్లెక్కింది. సీసాను నా చేతికివ్వలేదు. నేరుగా మంచం దగ్గరికి వెళ్లి అత్తమ్మ చేతుల్లో పెట్టింది. అత్తమ్మ సీసాను వెలుతురుకు ఎత్తి చూసింది.

"అంత నువ్వే కోసినవా?"

"నేనే. నీ కోడలును గడప దాటనియ్యలే."

"ఉప్పు?"

"సగానికి తగ్గించిన. అది మొత్తుకున్నది, డాక్టరు డాక్టరని."

అత్తమ్మ సీసాను ఒళ్లో పెట్టుకుంది. "మరి సగం?"

"మా ఫ్రిజ్‌ల ఉన్నది. ఇరవై రెండేండ్ల సంది ఏడుంటదో ఆడనే."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఆ చూపులో నాకు చోటు లేదు. ఉండక్కర్లేదు కూడా. నేను వంటింట్లోకి వెళ్లి పెరుగన్నం కలుపుకొచ్చాను.

అత్తమ్మ మొదట ఒక గాజర్ ముక్క తీసుకుంది. కరకర. తర్వాత ముద్ద. ఆమె తింటుంటే సంగమ్మ కంపెనీ సంగతులు చెబుతోంది, ఒడిశా నుంచి వచ్చిన వంటవాడు రోజూ సాంబారులో చక్కెర ఎలా వేస్తాడో, తనెలా తిడుతుందో. అత్తమ్మ నవ్వుతూ తింటోంది, తింటూ నవ్వుతోంది. పది దాకా లెక్కపెట్టాను. తర్వాత లెక్క తప్పింది. మళ్లీ మొదలుపెట్టాలని అనిపించలేదు.

"కోడలుపిల్ల వెట్టినదానికంటె గిదే మంచిగున్నదే" అంది అత్తమ్మ.

"అదే వెనిగర్, అదే గోబి అత్తమ్మా!"

"చెయ్యి వేరు గద" అంది, పళ్లెం నా వైపు జరుపుతూ. "ఇంకింత అన్నం వెయ్యి."

నాకు పోటీలో ఓడిపోయినట్టు అనిపించాలేమో. కానీ నేను నవ్వుకుంటూ గరిటె నిండా అన్నం వడ్డించాను. ఈ ఇద్దరు ఆడవాళ్లూ నాకు అత్తలయ్యారు. ఆరు నెలల క్రితం వీళ్ల పేర్లు కూడా నాకు తెలియవు. ఎవరికి కృతజ్ఞత చెప్పాలో తెలియక సంగమ్మ ముందు కూడా ఒక పళ్లెం పెట్టి వడ్డించాను. "నేను తిని వచ్చిన గదనే!" అని ఆమె మొత్తుకుంది, తిన్నది కూడా.

సంగమ్మ వెళ్లిన కాసేపటికి శ్రీకాంత్ బండి కింద ఆగింది. మెట్ల మీద బూట్ల చప్పుడు వినగానే అత్తమ్మ తలుపు వైపు చూసింది. అతను చొక్కా మీద గ్రీసు మరకతో, నెత్తిన హెల్మెట్ అచ్చుతో, రెండు చేతులూ రెండు కాళ్లూ సరిగ్గా ఉన్న మనిషిగా లోపలికొచ్చాడు. ఆమె గుండెల నిండా ఊపిరి తీసుకోవడం నాకు వినపడింది.

"సాయంత్రం డాక్టర్ దగ్గరికి పోవాలె గద. జల్దీ అన్నం పెట్టు, మస్తు ఆకలైతున్నది" అంటూ తనే వంటింట్లోకి వెళ్లి కుక్కర్ మూత తీశాడు. లోపలికి చూశాడు. మళ్లీ చూశాడు. "నిషీ, అన్నం ఏది?"

"నేను దిన్న రా" అంది అత్తమ్మ మంచం మీంచి. "ఏం జేస్తవు?"

శ్రీకాంత్ ఖాళీ కుక్కర్ పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడిపోయాడు. వాళ్లమ్మను చూశాడు, నన్ను చూశాడు. కుక్కర్‌ను రెండు చేతులా గట్టిగా పట్టుకున్నాడు, ఎవరో బహుమతి ఇచ్చినట్టు.

"ఇట్ల ఇయ్యి" అని అతని చేతుల్లోంచి తీసుకుని కుళాయి కింద కడిగాను. రెండు గ్లాసుల బియ్యం పోశాను. ఒక్క క్షణం ఆలోచించి ఇంకో గ్లాసు పోశాను.